మెడికల్ బుక్కులో ఎర్ర గీత

నా పెళ్ళయిన మూడో రోజున మా నాన్న నన్ను మెడికల్ బుక్కులోంచి కొట్టించేశారు. కోపం వచ్చి కాదు. అది ఆయన పద్ధతి.

భిలాయిలో బతికినవాళ్ళకి ఆ పుస్తకం గురించి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం చెబుతాను. ప్లాంటులో పనిచేసే ప్రతి మనిషికీ కంపెనీ ఒక పుస్తకం ఇచ్చేది. అందులో అతని పేరు, కింద అతని మీద ఆధారపడ్డవాళ్ళ పేర్లు, వయసులు. అది చూపిస్తే కంపెనీ ఆసుపత్రిలో వైద్యం, మందులు. పేరుకి మందుల పుస్తకమే గానీ, మా టౌన్‌షిప్‌లో అది అంతకంటే పెద్ద పుస్తకం. బళ్ళో చేర్చడానికి అదే, గ్యాసు బండకి అదే. మీ ఇంట్లో ఎంతమంది అని ఎవరైనా అడిగితే "బుక్కులో అయిదుగురు" అని జవాబు చెప్పేవాళ్ళం. బుక్కులో లేని మనిషి ఇంట్లో ఉంటే చుట్టమన్నమాట.

ఆడపిల్లకి పెళ్ళయితే పేరు తీసెయ్యాలి. అది రూలు. అందరూ ఆరు నెలలో, ఏడాదో చూసీ చూడనట్టు ఊరుకునేవారు. మా నాన్న ఊరుకోలేదు. అప్పగింతల నాడు కళ్ళు తుడుచుకున్న మనిషి, మర్నాడు ఆదివారం గనక ఆగి, సోమవారం పొద్దున్నే నా శుభలేఖ పట్టుకుని ఆఫీసుకి వెళ్ళారు. గుమాస్తా నా పేరు మీద ఎర్ర సిరాతో గీత గీసి, పక్కన తేదీ వేసి సంతకం పెట్టాడు. పెళ్ళికి ముందు నాకు రక్తం తక్కువుందని ఇచ్చిన మాత్రలు పన్నెండు మిగిలితే, వాటినీ కాగితంలో చుట్టి మందుల కౌంటరుకి తీసుకెళ్ళారు. తిరిగి తీసుకోవడానికి ఫారం లేదన్నాడట అక్కడి మనిషి. వాటిని ఇంటికి తెచ్చి అలమారలో పెట్టారు. అమ్మకీ రక్తం తక్కువే. అయినా అమ్మని మింగనివ్వలేదు. అవి కంపెనీ నాకిచ్చినవి, నేను ఇప్పుడు కంపెనీకి వేరే ఉద్యోగి భార్యని. ఆయన లెక్కలో ఆ మాత్రలకి ఇంక నోరు లేదు.

అలాంటి మనిషి వీలునామా రాయకుండా ఎలా పోయారని తరవాత చాలామంది అడిగారు. రాయమని ఎవరూ ఫారం ఇవ్వలేదు. ఇస్తే నింపేవారు.

రిటైరవడానికి ముందు టౌన్‌షిప్ అవతల, ఒక రైతు దగ్గర చిన్న స్థలం కొని, ఇల్లు కట్టుకున్నారు. ముందు రెండు గదులు, వెనక రెండు, మధ్యలో వంటిల్లు. అంతా ఆయన సంపాదనే. శ్రీకాకుళం వైపు ఊళ్ళో మాకు తాతల ఆస్తి అంటూ ఏమీ లేదు. ఉంటే నలభై ఏళ్ళ వయసులో కొలిమి దగ్గర నిలబడ్డానికి ఇంత దూరం వచ్చేవారు కాదు. పదహారేళ్ళు ఆ ఇంట్లో ఉండి, తొంభైల మొదట్లో పోయారు. అప్పటికి ఆ ఇంట్లో అమ్మ, అన్నయ్య, వదిన, వాళ్ళమ్మాయి ఉంటున్నారు. అన్నయ్య కూడా ప్లాంటు మనిషే, రోలింగ్ మిల్లులో ఫోర్‌మన్. నేను మా ఆయనతో, పిల్లలతో సెక్టర్ 2 క్వార్టర్లో ఉండేదాన్ని.

క్వార్టరు కంపెనీది. మా ఆయనకి రిటైర్మెంటు ఇంకో మూడేళ్ళుంది. ఆ తరవాత తాళాలు ఇచ్చెయ్యాలి. మాకు సొంత ఇల్లు లేదు. దానికి కారణం మా ఆయన నాలిక. స్థలం చూడ్డానికి వెళ్ళిన ప్రతిచోటా బావి నీళ్ళు తాగి చూసేవారు. ఉప్పు అనేవారు, లేకపోతే ఇనుము అనేవారు. భిలాయి చుట్టుపక్కల ఇనుము లేని నీళ్ళు దొరకవని చెప్పడానికి నాకు ఇరవై ఏళ్ళు పట్టింది. ఆ లోపల స్థలాల ధరలు మమ్మల్ని దాటిపోయాయి.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా రాసేస్తాను. పుట్టింటి వాటా గురించి మాట్లాడే ఆడవాళ్ళు ముందుగా "నాకు ఆస్తి మీద ఆశ లేదు" అంటారు. ఆ మాట అన్నాక గానీ వాళ్ళని కూచోమని ఎవరూ అనరు. నాకు ఆశ ఉంది. మా నాన్న ఇంటి వెనకాల రెండు గదులున్నాయి, మూడేళ్ళలో నాకు గదులు కావాలి.

అయినా నోరు విప్పి అడగలేదు. అడిగే పని పాలమనిషి వల్ల పడింది.

ఆవిడది నాన్న ఇంటి పక్క ఊరే. పొద్దున్నే సైకిలు మీద వచ్చి మా వీధంతా పాలు పోసేది. నాన్న పోయిన ఏడాదికి, ఒకరోజు పాలు కొలుస్తూ, "తుంహర్ నావ్ నై రహిస్, దీదీ," అంది. నీ పేరు లేదు అని. ఎక్కడ అని అడిగితే నెమ్మదిగా చెప్పింది. నిన్న కోట్వార్ వచ్చాడు. కోట్వార్ అంటే సర్కారు మాటని ఊళ్ళో డప్పు కొట్టి చదివే మనిషి. ఫలానా ఇల్లు చనిపోయినాయన పేరు నుంచి కొడుకు పేరుకి మారుతోంది, వారసుడు కొడుకు ఒక్కడే, ఎవరికైనా అభ్యంతరం ఉంటే గడువులోగా దుర్గ్ తహసీలుకొచ్చి చెప్పుకోవాలి. అదీ అతను చదివింది. పాలమనిషికి మా అమ్మ తెలుసు, నేను తెలుసు. ఒక్కడే అనేసరికి లెక్క కుదరలేదట. ఆవిడ బడికి వెళ్ళలేదు గానీ లీటర్లలో తేడా వస్తే ఊరుకునే మనిషి కాదు.

ఆ సాయంత్రం వెళ్ళాను. అన్నయ్య వరండాలో కూచుని చెప్పుల పట్టీ కుట్టుకుంటున్నాడు.

"డప్పు కొట్టించేవట," అన్నాను.

"నేను కొట్టించలేదు. అది వాళ్ళ రూలు," అన్నాడు. "పైన మేడ వేద్దామనుకుంటన్నాను. కంపెనీ లోను అడిగితే ఇల్లు నీ పేర్న ఉందా అన్నారు. లేదన్నాను. మార్పించుకు రమ్మన్నారు. అంతే."

"వారసుడివి నువ్వొక్కడివే అని ఎలాగ రాయించేవు?"

అన్నయ్య చెప్పు పక్కన పెట్టి లోపలికెళ్ళాడు. పాలిథిన్ కవరులోంచి తన మెడికల్ బుక్కు తీసుకొచ్చాడు. "చూడు. తహసీల్లో కుటుంబంలో ఎవరెవరున్నారని అడిగేరు. నేనేమైనా దాచేనా? పుస్తకం చూపించేను. నేను, మీ వదిన, పిల్ల, అమ్మ. అమ్మ డిపెండెంటని రాసుంది. డిపెండెంటు ఓనరెలాగవుతాది?"

"మరి నేను?"

"నువ్వు మీ ఆయన పుస్తకంలో ఉన్నావు కదే. ఒక మనిషి రెండు పుస్తకాల్లో ఉంటే అది కేసు. సస్పెండు చేస్తారు." నా కోసం నిజంగానే భయపడుతున్న మొహంతో చెప్పాడు. "నాన్నే నీ పేరు కొట్టించేడు. ఆయన చేసింది నేను తిరగరాస్తానా?"

మా అన్నయ్య మోసగాడైతే నా పని సులువయ్యేది. నమ్మినవాడితో వాదించడమే కష్టం. ముప్పై ఏళ్ళు కంపెనీ ఏ కాగితాన్ని సత్యమంటే దాన్ని సత్యమనుకున్నాడు. దేశానికి వేరే చట్టం ఒకటి ఉంటుందని, అది మందుల కౌంటరు దగ్గర ఆగదని అతనికి తట్టలేదు.

నేను అమ్మని అడిగి ట్రంకు పెట్టె తీయించాను. అడుగున నాన్న పాత పుస్తకం ఉంది. అట్ట ఊడిపోయింది గానీ పేజీ బాగానే ఉంది. అందులో పిల్లల పేర్లు రెండు, ఎర్ర గీతలూ రెండు. పైది అన్నయ్యది. అతనికి ప్లాంటులో ఉద్యోగం రాగానే, అంటే నా పెళ్ళికి నాలుగేళ్ళ ముందే, నాన్న అతని పేరు కూడా కొట్టించేశారు.

"నీ పేరు మాత్రం ఉందేటి ఇందులో? నాకంటే ముందు కొట్టీసేరు," అన్నాను.

అన్నయ్య పుస్తకం తీసుకుని చాలాసేపు చూశాడు. "నాది ఉద్యోగమొచ్చి కొట్టేరు," అన్నాడు చివరికి. "నీది పెళ్ళయి కొట్టేరు. రెండూ ఒకటేనా?"

"గీత ఒకటే. సిరా కూడా ఒకటే."

వదిన వంటింట్లోంచి, "మా పుట్టింట్లో మేం ముగ్గురాడపిల్లలం అమ్మాయ్. ఒక్కరం కూడా అడగలేదు," అంది.

"అడక్కపోడం వల్ల ఏటొచ్చింది వదినా?"

"ఏడాదికో చీర పెడతన్నారు."

"ఈ ఏడు ఏ రంగు?"

ఆ ఏడు పెట్టలేదన్న సంగతి నాకు అప్పటికి తెలీదు. వదిన నాతో నెలన్నర మాట్లాడలేదు.

అమ్మ మాత్రం ట్రంకు మూస్తూ, "నాకు పేరెందుకే. ఉండనిస్తన్నాడు, తిండి పెడతన్నాడు. నువ్వూ నోరు మూసుకుని రాఖీకొచ్చి వెళ్ళు," అంది. రాఖీ మాది కాదు, ఇక్కడికొచ్చాక నేర్చుకున్నది. కానీ అమ్మ దాన్ని ఎప్పుడు వాడుకోవాలో బాగానే నేర్చుకుంది.

మర్నాడు దుర్గ్ వెళ్ళాను. కోర్టు బయట రేకుల షెడ్డు కింద ఒక ప్లీడరు కూచునేవాడు. కాలేజీలో నాకంటే ఒక ఏడు వెనక. వాళ్ళు తాతల నాటి నుంచి రైల్వేలో ఉన్న తెలుగువాళ్ళు, క్రైస్తవులు. నన్ను అక్కా అనేవాడు. డిబేట్లలో నా చేతిలో ఓడినవాడు గనక నాతో జాగ్రత్తగా మాట్లాడేవాడు.

అంతా విని, "ఇల్లు మీ నాన్న సొంతంగా కట్టింది. వీలునామా లేదు. అయితే అమ్మకి ఒకటి, అన్నయ్యకి ఒకటి, నీకొకటి. సమానంగా మూడు వాటాలు. పెళ్ళయిందా లేదా అని చట్టం అడగదు. ఇవాళ కొత్తగా వచ్చింది కాదక్కా ఇది, నువ్వు గౌన్లేసుకున్నప్పటి నుంచీ ఉంది," అన్నాడు.

"అయితే వెనక రెండు గదులూ పంచి ఇమ్మని అడుగుతాను."

"అక్కడే ఉంది చిక్కు. కుటుంబం కాపురముంటున్న ఇల్లయితే, మగ వారసులు పంచుకుందామనుకునేదాకా ఆడవాళ్ళు పంచమని అడక్కూడదు. అదే చట్టంలో ఇంకో సెక్షను. ఒక్కడే కొడుకుంటే ఇది వర్తిస్తాదా లేదా అని కోర్టులు తలో మాటా అంటన్నాయి. నువ్వు మాత్రం ఆశ పెట్టుకోకు."

"పంచొద్దులే. వెళ్ళి ఉంటాను."

"ఉండడానికి వీల్లేదు. కూతురికి ఆ ఇంట్లో ఉండే హక్కు ఎప్పుడంటే, పెళ్ళి కానప్పుడు. లేకపోతే మొగుడు వదిలేసినప్పుడు, తను విడిపోయినప్పుడు, మొగుడు పోయినప్పుడు." అతను కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "బావగారెలా ఉన్నారు?"

"బాగానే ఉన్నారు."

"చట్టం దృష్టిలో నీకదే ఇబ్బంది."

మీలో ఎలా అని అడిగాను. "మాకు చట్టం వేరు. అందులో కొడుకూ కూతురూ సమానం, ఇలాంటి మెలికల్లేవు," అన్నాడు. "మెలిక లేకపోయినా మా చెల్లెలు అడగలేదు."

ఇంటికొచ్చి మా ఆయనకి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన పేపరు మడిచి, కొంచెం ఆలోచించి, "నేను వదిలెయ్యాలంటే ఆదివారం సరిపోతుందా, లీవు పెట్టాలా?" అన్నారు.

"ఇంట్లోంచి నేను వెళ్ళాలా, మీరు వెళ్ళాలా అన్నది చూడాలి."

"క్వార్టరు నా పేర్న ఉంది గనక నువ్వే వెళ్ళాలి. మరి నీ రెండు గదుల్లోకి నన్ను రానిస్తావా?"

"రానిస్తే వదిలేసినట్టు కాదు కదా."

"అయితే లాభం లేదు," అని మళ్ళీ పేపరు తెరిచారు. మా కాపురం మీద చట్టానికి ఉన్నంత ఆసక్తి ఆయనకెప్పుడూ లేదు.

పంచమని అడగలేను, వెళ్ళి ఉండలేను. మిగిలింది ఒక్కటే: పేరు. తహసీలు కాగితంలో పేరు ఎక్కితే నా సంతకం లేకుండా ఇల్లు కదలదు. ఎక్కకపోతే మూడేళ్ళ తరవాత అడగడానికి కూడా ఏమీ ఉండదు. నేను నాలుగు పేజీల అభ్యంతరం రాసి పట్టుకెళ్ళాను. ప్లీడరు దాన్ని అరపేజీకి కుదించాడు. మిగతా మూడున్నర పేజీలు కూడా నిజాలే.

వాయిదా రోజున దుర్గ్‌కి అందరం ఒకే టెంపోలో వెళ్ళాం. వేర్వేరుగా వెళ్ళడానికి అమ్మ ఒప్పుకోలేదు. అమ్మకి టెంపోలో తల తిరుగుతుంది, ఒక పక్క కొడుకు, ఒక పక్క కూతురు పట్టుకోవాలి. మధ్యలో అమ్మ, ఆ ఒళ్ళో పులిహోర డబ్బా. ఇరుపక్షాలకీ కలిపి ఒకటే చేసింది. మాట్లాడుకోవద్దు అనుకున్నాం గానీ, టెంపో మెట్టు దిగేటప్పుడు అన్నయ్య "చూసుకోవే, జారుతాది," అన్నాడు, నేను "ఆఁ" అన్నాను.

తహసీల్దారు చిన్నవాడు. ముందు అన్నయ్య తన పుస్తకం బల్ల మీద పెట్టి, కొంచెం భయంగానే, చక్కటి హిందీలో, కుటుంబం అంటే ఎవరో చెప్పాడు. మా ప్లీడరు నాన్న పాత పుస్తకం ఆ పక్కన పెట్టాడు. తహసీల్దారు రెండూ తిరగేశాడు. ఎర్ర గీతల దగ్గర వేలు పెట్టి ఆగాడు.

"ఈ పుస్తకం ప్రకారం ఈయనకి పిల్లలే లేరు," అన్నాడు. "మీరిద్దరూ ఎందుకొచ్చారు?"

అన్నయ్య నా వైపు చూశాడు. మొదటిసారి ఆ పేజీలో మేమిద్దరం ఒకే పక్కన ఉన్నామని అతనికి కనిపించినట్టుంది.

తహసీల్దారు అమ్మని పిలిచాడు. మాతాజీ, మీకెంతమంది పిల్లలు అని అడిగాడు. అమ్మకి అంతకాలంలో వచ్చిన హిందీ కూరగాయల బండి దాకానే. "ఏక్ లడ్కా, ఏక్ లడ్కీ," అంది. కొంచెం ఆగి, పూర్తి సమాచారం ఇవ్వాలనుకుని, "లడ్కీ బహుత్ బోల్తీ," అని కూడా చెప్పింది. పిల్లకి వాగుడెక్కువ అని. అది రికార్డులోకి ఎక్కలేదు.

మందులు ఎవరికివ్వాలో ఆ పుస్తకం చెబుతుంది, ఇల్లు ఎవరికి వస్తుందో చెప్పదు, అన్నాడు తహసీల్దారు. భార్య, కొడుకు, కూతురు, ముగ్గురి పేర్లూ ఎక్కించమన్నాడు. మొత్తం పావుగంట పట్టింది. నేను ఇంకా మాట్లాడ్డానికి చాలా సిద్ధం చేసుకుని వెళ్ళాను. అవసరం పడలేదు. అది నాకు కొంచెం కష్టంగానే ఉంది.

బయట వేపచెట్టు నీడలో పులిహోర తింటుంటే అమ్మ ప్లీడరుని అడిగింది, "బాబూ, నా పేరు కూడా రాసేరా?"

"రాసేరండి. మూడో వంతు మీది."

"కొడుకు ఉంచుకుంటే ఉండడం కాదా?"

"కాదండి. మీదే. మీ ఇంట్లో మీరుంటున్నారు."

అమ్మ చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. "మూడో వంతంటే ఏ గది?"

"అలాగ గదులుండవండి. మొత్తం ఇంట్లో మూడో వంతు. ప్రతి గోడలోనూ, ప్రతి ఇటికలోనూ."

ఆ జవాబు అమ్మకి నచ్చలేదు. ఇటికలో మూడో వంతు తీసుకుని ఎవరేం చేసుకుంటారు అంది. టెంపో ఎక్కాక కూడా అదే ఆలోచన. మేము పట్టుకోబోతే చేతులు విడిపించుకుని ముందు కడ్డీ తనే పట్టుకుంది. ఆ రోజు తల తిరగలేదు.

నెల తరవాత అన్నయ్య మా క్వార్టరుకి వచ్చాడు. ఎప్పుడూ వచ్చేటట్టే సైకిలు గోడకి ఆనించి, మా ఆయనతో ప్లాంటు కబుర్లు చెప్పి, టీ తాగి, ఆఖర్న ఒక స్టాంపు కాగితం తీశాడు.

"లోను వాళ్ళు అడుగుతున్నారు. అమ్మదీ, నీదీ సంతకాలు కావాలట. మేడకి అభ్యంతరం లేదని. అంతే."

నేను కాగితాలు చివరిదాకా చదువుతాను. మా ఇంట్లో ఇదొక జబ్బని పేరు. అది అభ్యంతరం లేదన్న కాగితం కాదు. నా సోదరుడి మీది ప్రేమాభిమానాలతో, ఎవరి బలవంతమూ లేకుండా, నా హక్కు శాశ్వతంగా వదులుకుంటున్నాను అని ఉంది.

"ఇది ఎవరు రాసేరు?"

"తహసీలు బయట కూచుంటాడు చూడు, అతను. ఆడవాళ్ళ సంతకమంటే ఇదే ఫారం, వేరేది లేదన్నాడు."

"ప్రేమాభిమానాలని కూడా అతనే రాసేడా?"

"అచ్చేసుంది," అన్నాడు అన్నయ్య. "చేత్తో రాసింది పేర్లే."

సంతకం పెట్టనన్నాను. అన్నయ్య కప్పు కింద పెట్టాడు. "నువ్వు వచ్చి ఉండలేవు, చట్టం ఒప్పుకోదు. నేను మేడ వెయ్యలేను, లోను ఇవ్వరు. ఇలాగే ఉంటాదా మరి? పిల్లకి సంబంధాలొస్తన్నాయి. వచ్చినోళ్ళని కూచోబెట్టడానికి గది లేదే." నాకు గదులెందుకో అతనికి తెలుసు, అతనికెందుకో నాకు తెలుసు. అయినా మేము చెరో పక్కా కూచుని, మధ్యలో ఆ కాగితాన్ని చూస్తూ ఉన్నాం. మా ఆయన లేచి కుండలో నీళ్ళు తెచ్చి ఇద్దరికీ ఇచ్చారు.

నేను అమ్మని అడుగుదామన్నాను. అన్నయ్య, అమ్మ ఎక్కడ పెట్టమంటే అక్కడ వేలిముద్ర వేస్తుందన్నాడు. నేనూ అలాగే అనుకున్నాను. ఇద్దరం పొరబడ్డాం.

అమ్మ వరండాలో బియ్యం ఏరుతోంది. అన్నయ్య కాగితం చదివి వినిపించాడు. వదులుకుంటున్నాను అన్న చోట ఆమె చేట కింద పెట్టింది.

"వదులుకున్నాక నేనెక్కడుంటాను?"

"ఇక్కడే అమ్మా. ఎక్కడికెళ్తావు? ఎప్పట్లాగే."

"ఎప్పట్లాగే అంటే డిపెండెంటు," అంది అమ్మ. ఆ ఇంగ్లీషు మాట ఆమె నోట వినడం అదే మొదలు. "ఇప్పుడు నా ఇంట్లో నేనున్నాను. ఆ బాబు చెప్పేడు. నేను వెయ్యను."

వదిన లోపలినుంచి గుమ్మంలోకి వచ్చింది. అమ్మ ఆమెతో కాదు, గోడతో చెప్పినట్టు చెప్పింది. "మేడ వేసుకోండి. నాకేటి, పైకెక్కలేను. నా మూడో వంతు కింద, వెనక. ఆ రెండు గదులూ నావి. ఇటికలూ గిటికలూ నాకు తెల్దు. నా గదుల్లో నాతోటి ఎవరుంటారో నా ఇష్టం. దీన్నుంచుకుంటాను. దాని మొగుడు నీళ్ళకి వంక పెట్టకుండా ఉంటే అతన్నీ ఉంచుకుంటాను."

"చట్టం ప్రకారం..." అన్నాడు అన్నయ్య.

"చట్టం దానికి హక్కు లేదంది. నాకు చుట్టాలుండకూడదందేటి?"

మర్నాడు దుర్గ్ వెళ్ళి ప్లీడరుని అడిగితే, పుస్తకాల్లో వెతికి, చుట్టాల గురించి చట్టం ఏమీ అనలేదన్నాడు. అతనే కొత్త కాగితం రాశాడు. పైన మేడ వేసుకోవడానికి మాకు అభ్యంతరం లేదు, వాటాలు ఎవరివి వాళ్ళకే ఉన్నాయి, వెనక రెండు గదులూ తల్లి వాడుకలో ఉంటాయి. ప్రేమాభిమానాల వాక్యం తీసేశాడు. వాటికి స్టాంపు అక్కర్లేదన్నాడు. అమ్మ వేలిముద్ర వేసింది, నేను సంతకం పెట్టాను. అన్నయ్య కాగితం రెండుసార్లు చదివాడు. ఆ అలవాటు అతనికి అప్పుడే మొదలైంది.

మేడ లేచింది. సిమెంటు మిగిలితే వెనక గదులకి సందు వైపు వేరే గుమ్మం పెట్టించాడు అన్నయ్య. నేను అడగలేదు. ఎందుకు పెట్టించావంటే, నువ్వు ముందు నుంచి వస్తే మీ వదినతో మాట పెరుగుతుంది అన్నాడు. మా ఆయన రిటైరయిన నెలలోనే క్వార్టరు తాళాలు ఇచ్చేసి, ఆ సందు గుమ్మం లోంచి సామాను దింపుకున్నాం. ప్రభుత్వ కాగితాల్లో ఇప్పటికీ నేను ఆ ఇంట్లో మూడో వంతు హక్కుదారుని. ఉంటున్నది మాత్రం మా అమ్మ దగ్గర చుట్టరికానికి. నీళ్ళలో ఇనుముంది. మా ఆయన ఏమీ అనడం లేదు.

అన్నయ్య కూతురి పెళ్ళి ఆ మరుసటి ఏడాది అయింది. చూడవచ్చినవాళ్ళని మేడ మీద గదిలోనే కూచోబెట్టారు. పెళ్ళయిన మూడో రోజున అన్నయ్య తెల్ల చొక్కా వేసుకుని, శుభలేఖ, మెడికల్ బుక్కు పట్టుకుని బయల్దేరాడు. సైకిలు ముందు గుమ్మం దగ్గరుంది. అయినా ఇల్లంతా చుట్టి సందు వైపుకొచ్చాడు. నేను గుమ్మంలో చింతపండు ఆరబెడుతున్నాను.

పుస్తకం తెరిచి, పిల్ల పేరున్న చోటు ఒకసారి చూసుకుని మూశాడు.

"మందుల మట్టుకే," అన్నాడు.

సరే అన్నాను. వెళ్ళాడు.